ప్లేస్కూల్ వాట్సాప్ గ్రూపు గందరగోళం: యాప్ కొనాలా, ఉన్నదాన్నే సర్దుకోవాలా?

కొర్లగుంట_టీచర్:
తిరుపతి కొర్లగుంటలో ప్లేస్కూలు. 38 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, ఒక ఆయమ్మ. ఇళ్లవాళ్లతో మాట్లాడేందుకు ఒకటే వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే స్వామి ఫొటోలు, గుడ్ మార్నింగ్‌లు వచ్చి పడతాయి, మేం పెట్టిన సెలవు కబురు వాటి కింద కొట్టుకుపోతుంది. రాత్రి పదింటికి "మావాడు ఈరోజు అన్నం తిన్నాడా" అని అందరి ముందే అడుగుతారు. తల్లిదండ్రుల్లో కొండ మీద షిఫ్ట్ డ్యూటీ వాళ్లున్నారు, పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి శ్రీసిటీ ఫ్యాక్టరీలకి పోయేవాళ్లున్నారు. నలుగురు అవ్వల చేతిలో బటన్ ఫోన్లే. ఇద్దరికి తమిళం తప్ప చదవడం రాదు. నెలనెలా డబ్బు కట్టే స్కూల్ యాప్ తీసుకుంటే ఇదంతా తీరుతుందా?

చంద్రగిరి_బాలబడి:
38 మందికి యాప్ అక్కర్లేదు మేడం. వాట్సాప్ తెరిచినంత తేలిగ్గా ఇంకో యాప్ ఎవరూ తెరవరు. పాస్‌వర్డ్ మర్చిపోయిన వాళ్లకి మళ్లీ మీరే ఫోన్ చేయాలి.

ముందు బడి పేరున వేరే సిమ్ తీసుకోండి, టీచర్ల సొంత నంబర్లు బయటికి ఇవ్వొద్దు. ఆ సిమ్‌తో వాట్సాప్ బిజినెస్ పెట్టి, పనివేళలు 8:30 నుంచి 5 వరకు అని నమోదు చేయండి. ఆ వేళలు దాటి వచ్చిన మెసేజ్‌కి "రేపు పొద్దున 9 లోపు జవాబిస్తాం, అత్యవసరమైతే ఫోన్ చేయండి" అని దానంతటదే వెళ్లేలా పెట్టొచ్చు. ఒక చిక్కుంది: ఆ ఫోన్‌కి నెట్ ఉంటేనే ఆ జవాబు వెళ్తుంది. రాత్రి బీరువాలో స్విచాఫ్ చేసి పెడితే పనిచేయదు.

పాత గ్రూపులో మెసేజ్ పెట్టే వీలు అడ్మిన్లకే ఉంచండి. సెలవులు, ఫీజు తేదీలు, వ్యాన్ ఆలస్యం, అంతే. పిల్లాడి సంగతి ఏదైనా సరే ఆ ఇంటికి మాత్రమే, విడిగా. బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వెళ్లేది) వాడాలనుకుంటే 256 మంది దాకా పడతారు గానీ, మీ నంబరు సేవ్ చేసుకోని వాళ్లకి మెసేజ్ చేరదు. చాలామందికి "మాకు రాలేదే" అనిపించేది ఇందుకే. అడ్మిషన్ ఫారం నింపేటప్పుడే, ఎదురుగా కూర్చుని ఉండగానే బడి నంబరు సేవ్ చేయించండి. అమ్మ, నాన్న, బిడ్డను చూసుకునే అవ్వ, అందరి ఫోన్లలోనూ.

చిత్తూరు_ప్రీప్రైమరీ_శిక్షణ:
ఏం రాస్తున్నామన్నదే అసలు సంగతి. "బాగా ఆడుకున్నాడు" అంటే ఇంట్లో వాళ్లకి ఏమీ తెలియదు. "పప్పన్నం సగం తిన్నాడు, గుడ్డు వదిలేశాడు, 40 నిమిషాలు పడుకున్నాడు, రెండుసార్లు బాత్రూముకి తనే అడిగి వెళ్లాడు" అంటే రాత్రి ఏం పెట్టాలో వాళ్లకి అర్థమవుతుంది.

అయితే రోజూ అందరికీ ఇలా రాయలేరు. ఒక్కో టీచరుకి 13 మంది, ఒక్కొక్కరికి 3 నిమిషాలు వేసుకున్నా 39 నిమిషాలు. అంతసేపు కళ్లు ఫోన్ మీదే ఉంటే పిల్లల మీద ఉండవు. ఒక్కో టీచరు రోజుకి ముగ్గురి గురించి వివరంగా రాయండి, వారంలో అందరికీ ఒకసారి అందుతుంది. అది కూడా పిల్లలు వెళ్లాకే.

క్లాసు మొత్తానికి రోజుకొక మెసేజ్ చాలు, అందులో ఇంట్లో అడగడానికి ఒక ప్రశ్న ఉండాలి: "ఈరోజు తడిగుడ్డలో పెసలు కట్టాం. ఏం కట్టారు, రేపటికి ఏమవుతుంది అని అడగండి." నువ్వు బడిలో ఏం చేశావంటే మూడేళ్ల బిడ్డ ఏమీ చెప్పదు. పెసలు అనగానే మొదలుపెడుతుంది.

పుత్తూరు_రమ:
బటన్ ఫోన్ అవ్వలకి ఎస్సెమ్మెస్ కన్నా కాల్ మేలు. తెలుగులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే, ఇంగ్లిష్‌లో అయితే 160. గుణింతం, వత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్కూలు" అన్న ఒక్క మాటే ఆరు. ఇక బల్క్ ఎస్సెమ్మెస్ పంపాలంటే డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ) బడి పేరు, మెసేజ్ నమూనా రెండూ ముందే నమోదు చేయాలి. నలుగురి కోసం ఆ తంతు దండగ. వారంలో ఒక రోజు, సాయంత్రం 4:30కి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు మాట్లాడితే సరి. తమిళం వాళ్లలో స్మార్ట్ ఫోన్ ఉన్నవాళ్లకి వాయిస్ మెసేజ్ పంపండి. ఆయమ్మకి తమిళం వస్తే ఆమె చేతే చెప్పించండి. 30 సెకన్లు దాటొద్దు, బిడ్డ పేరుతో మొదలుపెట్టాలి.

కొర్లగుంట_టీచర్:
చాలా ఉపయోగం. ఆయమ్మకి తమిళం వచ్చు. ఫొటోల సంగతేంటి? ఇద్దరు తండ్రులు సీసీ కెమెరా లైవ్‌లో చూపించమంటున్నారు.

చిత్తూరు_ప్రీప్రైమరీ_శిక్షణ:
లైవ్ వద్దు మేడం, గట్టిగా వద్దని చెప్పండి. ఆ గదిలో బట్టలు మార్చే పిల్లలుంటారు. ఒక పాస్‌వర్డ్ 38 ఇళ్లకి ఇస్తే అది ఎందరి ఫోన్లలోకి పోతుందో ఎవరూ చెప్పలేరు. రికార్డింగ్ బడిలోనే ఉండాలి. ఏదైనా జరిగితే ఆ బిడ్డ తల్లిదండ్రుల్ని పిలిచి చూపించండి.

ఫొటోలకి అడ్మిషన్ ఫారంలోనే మూడు గళ్లు పెట్టండి: క్లాసు గ్రూపులో, బడి గోడ మీద, ఫేస్‌బుక్ లేదా కరపత్రంలో. దేనికి ఒప్పుకున్నారో దానికి విడిగా సంతకం. 2023 నాటి డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. ఒక ఇల్లు వద్దన్నా ఆ బిడ్డ గ్రూప్ ఫొటోలో పడకూడదు. అందుకే మొహాలు కాకుండా చేతులు, చేసిన బొమ్మలు తీయడం అలవాటు చేసుకోండి.

చంద్రగిరి_బాలబడి:
ఇంకో రెండు విషయాలు. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ పెట్టండి, అది మీ దగ్గరే ఉండాలి. టీచర్ల ఫోన్లని అదే నంబరుకి లింక్ చేసిన పరికరాలుగా పెట్టండి, నాలుగు దాకా వీలవుతుంది. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ రోజే ఆ లింకు తీసేయండి.

రెండోది, "ఈరోజు మా మరిది వచ్చి తీసుకెళ్తాడు" అని మెసేజ్ వస్తే దాన్ని బట్టి బిడ్డను పంపొద్దు. ఫారంలో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి, గొంతు విన్నాకే పంపండి. జ్వరం 100.4 దాటినా, దెబ్బ తగిలినా మెసేజ్ కాదు, కాల్. కొండ మీద డ్యూటీలో ఉన్నవాళ్లకి ఘాట్ రోడ్డు దిగడానికే 40 నిమిషాలైనా పడుతుంది. కాబట్టి వాళ్ల ఫారంలో రెండో నంబరు కింద తిరుపతిలోనే ఉండే మనిషిది రాయించుకోండి.