ఒంటరిగా 250 వాట్లు నిలపగలిగినా, 210 వాట్ల సగటు రేసులో గుంపు నుంచి ఎందుకు జారిపోతున్నాను?

తెల్లవారుజాము (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన వేళల్లో సైకిల్ రేసులకు సాధన చేసే అమెచ్యూర్‌ను. వారానికి ఏడెనిమిది గంటలకు మించి సమయం దొరకదు. పనిదినాల్లో తెల్లవారకముందే ఇంట్లో ట్రైనర్ (సైకిలును ఒకేచోట నిలిపి తొక్కే పరికరం) మీద గంటసేపు, సెలవురోజున రోడ్డు మీద మూడు గంటలు తొక్కుతాను. నా బరువు 70 కిలోలు. 20 నిమిషాల పరీక్ష చేసి, ఆ సగటులో 5 శాతం తగ్గించి లెక్కకడితే నా ఎఫ్‌టీపీ, అంటే సుమారు గంటసేపు నిలపగలిగే శక్తి, 250 వాట్లుగా తేలింది. కిందటేడాదితో పోలిస్తే ఇది నాకు చాలా పెద్ద మార్పు.

అయినా క్రిటీరియం రేసుల్లో నా పరిస్థితి మారలేదు. చిన్న చుట్టు మీద పదేపదే తిరిగే ఆ రేసుల్లో సగం దూరం వరకూ గుంపుతోనే ఉంటాను. ఆ తరువాత ఏదో ఒక మలుపు దాటాక ముందున్న చక్రానికీ నాకూ మధ్య రెండు మీటర్ల ఖాళీ ఏర్పడుతుంది, అది ఐదవుతుంది, ఇక ఎంత తొక్కినా పూడదు. ఇటీవలి రేసు ఫైలు తెరిచి చూస్తే, గుంపుతో ఉన్నంతసేపూ నా సగటు శక్తి 210 వాట్లే. ఇంట్లో గంటసేపు 250 నిలపగలిగిన వాణ్ని 210 దగ్గర ఎందుకు ఆగిపోతున్నానో నాకు బోధపడడం లేదు. సాధన గంటలు పెంచాలా, ఎఫ్‌టీపీని ఇంకా పెంచుకోవాలా, లేక నేను గమనించని విషయం వేరే ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

ఎదురుగాలి (సమాధానం):

మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది: మీరు చెప్పినట్టు ఖాళీ ఏర్పడేది ప్రతిసారీ మలుపు దాటాకే. ముందుగా ఆ 210ని నమ్మడం మానేయండి. మలుపుల మధ్య పెడల్ తిప్పకుండా జారిన క్షణాల సున్నాలూ, మలుపు దాటాక లేచి తొక్కిన 600లూ కలిసి ఆ సగటు అయింది. శరీరం మాత్రం వాటిని అలా కలిపి చూడదు. ఆ ఫైలులోనే నార్మలైజ్డ్ పవర్ అనే సంఖ్య ఉంటుంది, దాన్ని చూడండి. ముప్పై సెకన్ల సగటులు తీసి, వాటిని నాలుగో ఘాతానికి పెంచి, ఆ సగటుకు మళ్లీ నాలుగో మూలం కట్టే లెక్క అది; తీవ్రమైన క్షణాలకు అందులో ఎక్కువ బరువు ఉంటుంది. మీ విషయంలో అది 250కి చాలా దగ్గరగానో, ఇంకా పైనో ఉంటుందని నా అంచనా.

ఇక అసలు విషయానికి వస్తే, మీరు గుంపులో ఎక్కడ ఉంటున్నారు? మీరు రాసినదాన్ని బట్టి చివరి పదిమందిలో ఉంటున్నారని అనుకుంటున్నాను. మలుపులో మొదటి ఇద్దరు ముగ్గురు తమకు నచ్చిన గీత మీద, దాదాపు బ్రేకు వేయకుండానే వెళ్లిపోతారు. వారి వెనకవారు కొద్దిగా బ్రేకు వేస్తారు, వారి వెనకవారు మరికొంత, తోకకు చేరేసరికి అది దాదాపు ఆగడమే అవుతుంది. ముందువారు అప్పటికే వేగం అందుకుని ఉంటారు కాబట్టి తోకలో ఉన్నవారు ఎక్కువ తగ్గి, ఎక్కువ పెరగాలి.

దీన్ని అంకెల్లో చూద్దాం. మీరూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకోండి. ముందున్న వ్యక్తి మలుపులో గంటకు 36 కిలోమీటర్లకు తగ్గి మళ్లీ 40కి చేరడానికి, గాలిని పక్కనపెట్టి చూసినా, సుమారు 940 జౌళ్లు కావాలి. తోకలో 30కి పడిపోయిన వ్యక్తి అదే 40కి చేరడానికి సుమారు 2,160 జౌళ్లు కావాలి, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. ఐదు సెకన్లలో ఆ పని చేయాలంటే మొదటివారికి అదనంగా 190 వాట్లు చాలు, రెండోవారికి 430 వాట్లు కావాలి. గాలికి అయ్యే ఖర్చు వీటిపైన వేరే. కిలోమీటరు చుట్టులో నాలుగు మలుపులు, మొత్తం నలభై చుట్లు అయితే ఇది నూట అరవై సార్లు జరుగుతుంది. ఎఫ్‌టీపీకి పైన ఖర్చుపెట్టుకోగలిగిన నిల్వ చాలామంది సైకిల్ రౌతులలో సుమారు 15 నుంచి 25 కిలోజౌళ్లే. ఎఫ్‌టీపీకి కిందికి దిగినప్పుడు అది కొంత కొంతగా నిండుతుంది, కానీ తోకలో ఉన్నవారికి నిండే వ్యవధి దొరకదు. మీరు ఆ చివరి మలుపులో బలహీనపడలేదు, అంతకుముందు వంద మలుపుల్లో ఖర్చయిపోయి అక్కడికి చేరారు.

కాబట్టి ఎఫ్‌టీపీని 250 నుంచి 260కి తీసుకువెళ్లడం కంటే, గుంపులో ఇరవై స్థానాలు ముందుకు రావడం మీకు ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి అభిప్రాయం. మొదటి మూడోవంతులో ఉండండి, అయితే అగ్రభాగాన వద్దు. ఆ వేగంలో కాళ్ల శక్తిలో అధికభాగం గాలిని తోసుకుపోవడానికే అవుతుంది. మరొకరి వెనక దగ్గరగా ఉంటే ఆ భారంలో దాదాపు మూడోవంతు తగ్గుతుంది.

పాతచైను (సమాధానం):

ఎదురుగాలి గారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే స్థానం మార్చుకున్నంత మాత్రాన సాధనలోని లోటు తీరదు. మీరు రాసినదాన్ని చదివితే పనిదినాల్లో ప్రతిరోజూ ఒకే మధ్యస్థ తీవ్రతతో గంటసేపు తొక్కుతున్నారని అనిపిస్తోంది. సమయం తక్కువ ఉన్నవారందరూ ఇలాగే చేస్తారు, ఎందుకంటే గంటే ఉంది కదా, చెమట పట్టకపోతే వృథా అయినట్టు ఉంటుంది. దాని ఫలితంగా కష్టమైన రోజులు తగినంత కష్టంగా ఉండవు, తేలికైన రోజులు తేలికగా ఉండవు. స్టీఫెన్ సీలర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త అగ్రశ్రేణి క్రీడాకారుల సాధనను పరిశీలించి, వారి సాధన వేళల్లో సుమారు 80 శాతం తేలికపాటివేనని చూపారు. వారానికి ఇరవై గంటలు తొక్కేవారి నిష్పత్తి ఏడు గంటల మనిషికి అచ్చంగా వర్తించదన్న మాట నిజమే, కానీ అందులోని సారాంశం వర్తిస్తుంది.

మీ వారంలో రెండు రోజులు మాత్రమే నిజంగా కష్టమైనవిగా పెట్టుకోండి. ఒక రోజుకు నార్వే పరిశోధకుడు బెంట్ రోన్నెస్టాడ్ అధ్యయనాల్లో వాడిన పద్ధతి మీ అవసరానికి సరిగ్గా సరిపోతుంది: 30 సెకన్లు గట్టిగా, 15 సెకన్లు తేలికగా, ఇలా పదమూడు సార్లు, మూడు నిమిషాల విరామం, మొత్తం మూడు విడతలు. వేడెక్కడం, చల్లబడడం కలుపుకున్నా గంటలో అయిపోతుంది. పూర్తిగా కోలుకోకముందే మళ్లీ లేవడం శరీరానికి అలవాటు కావాలి, క్రిటీరియం అడిగేది అదే. రెండో కష్టమైన రోజు రోడ్డు మీద పది సెకన్ల దూకుళ్లు సాధన చేయండి: 30 కిలోమీటర్ల వేగం నుంచి కూర్చునే మొదలుపెట్టి, లేచి, 40 దాటాక మళ్లీ కూర్చోండి. గేరు ముందే సరిచూసుకోవడం ఇందులో ముఖ్యం. మలుపులోకి వెళ్లేముందే ఒకటి రెండు గేర్లు తేలిక చేసుకోకపోతే బయటికి వచ్చేటప్పుడు మోకాళ్లు ఆ భారాన్ని మోస్తాయి. మిగిలిన రోజుల్లో ఎఫ్‌టీపీలో 75 శాతం దాటవద్దు. మాట్లాడుతూ తొక్కగలిగేటంత తేలికగా ఉండాలి.

నిద్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెల్లవారకముందే లేచి తొక్కేవారు రాత్రి ఆలస్యంగా పడుకుంటే, ఆ రోజు సాధన మానేసి నిద్రపోవడమే మంచి సాధన. గంటలు పెంచమని నేను చెప్పను. మీకు దొరికే గంటలు చాలు.

కొండదారి (సమాధానం):

పై ఇద్దరూ చెప్పినదాన్ని గౌరవిస్తూనే వేరే మాట చెబుతాను. గంటసేపు ఒకే స్థాయిలో శక్తిని నిలపడం మీ బలం అయినప్పుడు, ఆ బలానికి విలువలేని రేసునే ఎంచుకుని ఎందుకు బాధపడుతున్నారు? టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరూ విడివిడిగా బయలుదేరుతారు, ఎవరి వెనకా దాక్కోవడానికి వీల్లేదు, అక్కడ మీ 250 వాట్లు నిజంగా 250 వాట్లే. కొండ ఎక్కుడు రేసుల్లోనూ గాలి ప్రభావం తగ్గి, బరువుకు తగిన శక్తి ఎంత ఉందన్నదే లెక్కకు వస్తుంది.

రోడ్డు రేసులోనైనా గుంపులో దాగి ఉండడం ఒక్కటే మార్గం కాదు. టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్డు రేసు 2021 జులై 25న జరిగింది. ఆ 137 కిలోమీటర్ల రేసును గెలిచిన ఆస్ట్రియా రౌతు ఆన్నా కీసెన్‌హోఫర్‌కు అప్పటికి ఏ వృత్తి జట్టుతోనూ ఒప్పందం లేదు. ఆమె గణితంలో డాక్టరేట్ చేసిన పరిశోధకురాలు. జెండా ఊపిన వెంటనే ముందుకు దూకి, తోడు వచ్చినవారినీ చివరి 40 కిలోమీటర్లకు అటూఇటూగా వదిలిపెట్టి, ఒంటరిగా గమ్యం చేరారు. ఒలింపిక్ రేసులో రౌతుల చెవుల్లో రేడియోలు ఉండవు. 75 సెకన్ల తరువాత రెండో స్థానంలో వచ్చిన ఆన్నెమీక్ ఫాన్ ఫ్లూటెన్ తానే గెలిచాననుకుని చేతులు పైకెత్తారు. కీసెన్‌హోఫర్ అంతకుముందే తన దేశంలో టైమ్ ట్రయల్ విజేత, అంటే ఒంటరిగా నిలకడగా తొక్కడమే ఆమె బలం. ఆ బలం పనికివచ్చేలా రేసును తానే మలుచుకున్నారు. ఆ విజయాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఉత్సాహం కలుగుతుంది, మనబోటి అమెచ్యూర్లు దాన్ని తప్పక తెలుసుకోవాలి.

ఎదురుగాలి:

కొండదారి గారూ, ఆ విజయం పట్ల నాకూ అంతే గౌరవం ఉంది. అయితే మొదటి కిలోమీటరులో విడిపోవాలన్నా బయలుదేరేటప్పుడు ముందు వరుసల్లో ఉండాలి, తోకలో నుంచి ఎవరూ విడిపోలేరు. టైమ్ ట్రయల్ తప్పక ప్రయత్నించమనే నేనూ చెబుతాను, కానీ గుంపులో తొక్కడం నేర్చుకోకుండా దాన్ని తప్పించుకునే దారిగా మాత్రం కాదు.

తెల్లవారుజాము:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఫైలు మళ్లీ చూశాను. నార్మలైజ్డ్ పవర్ 256 ఉంది. ఇప్పుడు విషయం స్పష్టమైంది. నేను తోకలోనే ఉంటున్న మాట కూడా నిజం. దానికి కారణం శక్తి కాదు, భయం. ఇరుపక్కలా మనుషులు ఉండగా మలుపులోకి వెళ్లాలంటే చేతులు బిగుసుకుపోతాయి, తెలియకుండానే బ్రేకు మీదికి వేళ్లు వెళ్లిపోతాయి, ఇద్దరు ముగ్గురు నన్ను దాటిపోతారు. ఒంటరిగా సాధన చేసే మనిషి దీన్ని ఎలా దాటాలో చెప్పగలరా?

ఎదురుగాలి:

ఈ భయం సహేతుకమైనదే, దాన్ని ధైర్యంతో అణచాలని చూడవద్దు, నైపుణ్యంతో తగ్గించుకోవచ్చు. రేసులో నేర్చుకోవడం కష్టం కాబట్టి, మీకు నమ్మకమున్న ఒకరిద్దరితో గడ్డి మైదానంలో నడక వేగంతో మొదలుపెట్టండి. పక్కపక్కనే తొక్కుతూ మోచేతులు, తరువాత భుజాలు ఒకరికొకరు తగిలించుకోండి. మోచేతులు కాస్త వంచి వదులుగా ఉంచితే ఆ తాకిడి చేతుల్లోనే ఆగిపోతుంది, హ్యాండిల్ దాకా చేరదు. బిగబట్టి ఉంచితే నేరుగా ముందు చక్రానికి చేరుతుంది. ఈ తేడాను శరీరం ఒకసారి గ్రహించిందంటే గుంపు పట్ల మీ దృష్టే మారుతుంది.

చక్రాల విషయంలో ఒక నియమం ఎప్పుడూ తప్పకండి. ముందున్నవారి వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం చొరబడి ఉండకూడదు. వారు పక్కకు అరచేతి వెడల్పు జరిగినా రెండు చక్రాలూ తగులుతాయి, పడేది మాత్రం వెనకున్నవారే. ఆ చక్రాన్నే చూస్తూ తొక్కవద్దు. వారి భుజాల మీదుగా ఇద్దరు ముగ్గురి అవతలికి చూడండి, అప్పుడు వేగం తగ్గబోతున్నట్టు ముందే తెలుస్తుంది.

మలుపులో బ్రేకు పని అంతా సైకిలు వాలకముందే ముగియాలి. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉండాలి, బయటివైపు పెడల్ కిందికి దిగి ఉండాలి, ఒంటి బరువు ఆ పాదం మీద మోపాలి, చూపు మలుపు బయటికి వచ్చే చోట ఉండాలి. గుంపులో ఉన్నప్పుడు బయటి నుంచి లోపలికి కోసుకుపోవడం కుదరదు, పక్కవారి గీతకు సమాంతరంగా మీ గీత పట్టుకుని ఉండాలి. మీరు నిలకడగా ఉంటే పక్కవారూ నిలకడగా ఉంటారు. ఖాళీ రోడ్డు మీద ఒకే మలుపును రెండు వైపుల నుంచీ మళ్లీ మళ్లీ తీసుకుంటే చేతులకు ఆ అలవాటు వస్తుంది.

ముందుకు రావడానికి సరైన చోటు మలుపు కాదు, మలుపు తరువాత అందరూ వేగం అందుకుని ఒక్క క్షణం నెమ్మదించే నేరు దారి. అప్పుడు గాలి మరుగున్న పక్క నుంచి మరొకరి వెనక చేరి రెండు మూడు స్థానాలు పైకి రండి. గుంపు ఎప్పుడూ పక్కల నుంచి ముందుకు పారుతూ ఉంటుంది. కదలకుండా ఉన్నవారు తమకు తెలియకుండానే తోకకు చేరుతారు.

తెల్లవారుజాము:

ఇంత ఓపికగా రాసినందుకు ఎంతో కృతజ్ఞుణ్ని. రాబోయే రేసుకు మూడు వారాలు ఉంది. చివరి వారంలో సాధన పూర్తిగా ఆపేయాలా?

పాతచైను:

ఆపవద్దు. చివరి వారంలో తొక్కే సమయాన్ని సుమారు సగానికి తగ్గించండి, తీవ్రతను మాత్రం ఉంచండి. 30 సెకన్ల పద్ధతిని మూడు విడతలకు బదులు ఒకటే చేయండి. రేసు ముందురోజు నలభై నిమిషాలు తేలికగా తొక్కి, మధ్యలో రెండు మూడు చిన్న దూకుళ్లు పెట్టండి. గంటలోపు రేసు కాబట్టి రెండు మూడు గంటల ముందు పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం చేసి బయలుదేరితే చాలు. రెండు గంటలకు పైబడిన రోడ్డు రేసైతే గంటకు 60 గ్రాముల వరకూ దారిలోనే తీసుకోవాలి, అది కూడా ముందే సాధనలో అలవాటు చేసుకుని ఉండాలి. ఈ మూడు వారాల్లో మొదటి రెండింటిలో ఎదురుగాలి గారు చెప్పిన గడ్డి మైదానం అభ్యాసానికి ఒక సెలవురోజు ఉదయం కేటాయించండి, ఆ రోజు మూడు గంటల సవారీ తగ్గినా ఫరవాలేదు.