జాజ్ బేస్‌తో మెటల్ వాయించకూడదా?

అందరికీ నమస్కారం. బేస్ గిటార్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఆదివారాలు చర్చిలో, శనివారం సాయంత్రాలు ఫ్రెండ్స్‌తో మెటల్. ఇన్నాళ్లూ అరువు గిటారే. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనాలి; రెండు కొనే స్తోమత లేదు.

సెకండ్ హ్యాండ్‌లో ఒక జాజ్ బేస్ చూశాను (జాజ్, ప్రెసిషన్ అనేవి ఫెండర్ కంపెనీ తెచ్చిన రెండు బేస్ గిటార్ మోడళ్లు). నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) దగ్గర మెడ వెడల్పు 38 మిల్లీమీటర్లే, నా పొట్టి వేళ్లకు హాయిగా ఉంది. మా డ్రమ్మర్ మాత్రం "పేరులోనే ఉంది కదరా, అది జాజ్‌కి. మెటల్‌కి ప్రెసిషనే" అని ఒకటే గోల. మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్‌లో స్టీవ్ హారిస్ వాయించేది ప్రెసిషనే, ఒప్పుకుంటాను. కానీ జేమ్స్ జేమర్సన్ ఆ ప్రెసిషన్‌కే ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలు వేసి మోటౌన్ రికార్డు కంపెనీ సోల్ పాటలు వాయించాడు. రష్ బ్యాండ్‌లో గెడ్డీ లీ జాజ్ బేస్‌తో గట్టి రాక్ వాయించాడు. మరి పేరు చూసి ఎలా తేల్చేస్తాం?

నా భయం వేరే. రెండు పికప్‌లూ (తీగల కదలికను ఆంప్‌కి సిగ్నల్‌గా పంపే అయస్కాంత భాగాలు) ఫుల్‌గా పెడితే హమ్ (కరెంటు రొద) లేదు, కానీ మిడ్స్ (మధ్యస్థాయి ధ్వనులు) పల్చబడ్డాయి. బ్రిడ్జ్ పికప్ (తీగల కింది చివర వైపుది) ఒక్కటే పెడితే గుర్రుమని భలే ఉంది, కానీ ఆంప్‌లోంచి జుయ్యిమని ఒకటే రొద.

డిస్టార్షన్ పెట్టిన రెండు గిటార్ల మధ్య ఇది వినిపిస్తుందా? నెక్ పికప్ (మెడ వైపుది) ఒక్కటే వాడితే ప్రెసిషన్‌కి ఎంత దగ్గరగా వస్తుంది? హమ్ లేని పికప్‌లు వేయిస్తే ఆ గుర్రు పోతుందా? రెండూ వాయించినవాళ్లు చెప్పండి ప్లీజ్. ఆదివారంలోపు ఓనర్‌కి మాట చెప్పాలి.