స్లీవ్ సర్జరీ తర్వాత అన్నం రెండు ముద్దలకే పట్టేస్తోంది

ప్రశ్న:
అమ్మకు స్లీవ్ (బరువు తగ్గడానికి కడుపులో చాలా భాగం తీసేసే ఆపరేషన్) అయి మూడో నెల. పప్పన్నం రెండు ముద్దలు తినగానే ఛాతీ మధ్యలో పట్టేసి, నోట్లో నురగలా ఉమ్మి ఊరుతోంది. ఆపైన వాంతి. మెల్లగా తినమన్నారు సరే, ఎంత మెల్లగా?

జవాబు:
ముద్ద ఇరుక్కుంటున్నట్టుందండి. స్లీవ్‌లో కడుపు సన్నటి గొట్టంలా మిగులుతుంది. మెత్తటి అన్నం నమలకుండానే జారిపోయి లోపల జిగటగా ఉండకడుతుంది. చేత్తో ముద్దలు కలపడం మాని టీస్పూన్‌తో తినమనండి. ప్రతి స్పూనూ 20–30 సార్లు నమలాలి, మింగాక స్పూను కింద పెట్టి అర నిమిషం ఆగాలి. భోజనానికి 20–30 నిమిషాలు పట్టాలి. ముందు గుడ్డో, చేపో, పనీరో. అన్నం చివర్లో, చోటుంటేనే. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలంటే ఈ వరస తప్పదు.

జవాబు:
ఇరుక్కున్నప్పుడు నీళ్లు తాగించకండి, నొప్పి పెరుగుతుంది. లేచి నాలుగడుగులు వేయమనండి. తిన్నాక అరగంట ఆగి, గుక్కగుక్కగా తాగాలి. సీరియల్ చూస్తూ తింటే కడుపు ఇచ్చే గుర్తులు తెలియవు: ఎక్కిళ్లు, ముక్కు కారడం, పొట్ట పైభాగంలో బరువు. ఒక్కటి కనబడినా కంచం పక్కన పెట్టేయాలి. "ఇంకొక్క ముద్దే కదా" అని మనవాళ్లు ప్రేమగా పెట్టేదే వాంతి తెప్పిస్తుంది, దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి.

జవాబు:
ఇంత జాగ్రత్త పడ్డా రోజూ వాంతులైతే సర్జన్‌కి చూపించండి, గొట్టంలా మిగిలిన కడుపు ఎక్కడైనా ఇరుకై ఉండొచ్చు. వాంతులు సాగితే విటమిన్ బి1 పడిపోతుంది. నడక తడబడినా, చూపు రెండుగా కనబడినా, మంచినీళ్లు కూడా నిలవకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.