పీఎల్ఏలో నార కలిపితే బుడగలు: ఏ నార వాడుతున్నారు? (బెంగళూరు)

పీణ్య శీను: పీఎల్ఏలో (మొక్కల పిండిపదార్థంతో చేసే ప్లాస్టిక్) జనపనార ముక్కలు కలిపి మొక్కల కుండీలు పోస్తున్నాం. వానలు మొదలయ్యాక అన్నీ బుడగలే. విరిస్తే నార తెల్లగా ఊడొస్తోంది. ఏ నార మంచిది, ఎక్కడ దొరుకుతుంది, కుండీ మట్టిలో కరుగుతుందా?

అనంతపురం అబ్బాయి: బుడగలు తేమవల్లే అన్నా. ఓవెన్‌లో ఆరబెట్టి వేడి మీదే వేయాలి. సంచి విప్పి టీకి వెళ్లొచ్చేలోగా నార మళ్లీ తేమ పీల్చేస్తుంది. తడి ఉంటే కరిగేటప్పుడు పీఎల్ఏ కూడా పెళుసైపోతుంది. 200 డిగ్రీలు దాటితే నార మాడుతుంది.

మారతహళ్లి లక్ష్మి: ఊడిపోతోందంటే పట్టు లేదన్నమాట. 5 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, బాగా కడగండి. మైనం పోయి పీచు గరుకెక్కుతుంది.

కెంగేరి ప్రసాద్: ఆ నీళ్లెక్కడ పోస్తున్నారు మేడమ్? మా వెనక షెడ్డు వాళ్లు టీ డికాషన్ రంగు నీళ్లు కాలవలోకి వదులుతున్నారు. దానికి పర్యావరణ హితం అని బోర్డు!

లక్ష్మి: ఎవరో వదిలితే నన్నంటారేం? మేం అదే ద్రావణం మళ్లీ వాడతాం, చివర్లో యాసిడ్‌తో న్యూట్రల్ చేసి ఈటీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటుకి) పంపుతాం.

ప్రసాద్: చిన్న యూనిట్లకి ఈటీపీ ఎక్కడిదండీ? సలహా ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పాలి.

లక్ష్మి: సరే, ఇప్పుడు చెప్పాను. గొంతు తగ్గించండి.

కాంపోజిట్ రావు: నేను గ్లాస్ ఫైబర్‌లోనే తలపండినవాణ్ణి, వినండి. గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకి 2.5 గ్రాములు, జనపనారది 1.4 చిల్లర. బరువు లెక్కన గట్టిదనంలో నార గాజుకి దగ్గరగానే వస్తుంది. కొబ్బరి పీచు మాత్రం వద్దు: లిగ్నిన్ (చెక్కలో ఉండే జిగురులాంటి పదార్థం) ఎక్కువ, సాగుతుందే గాని బిగువివ్వదు.

విజయనగరం వాణి: గోగునార ఎవరూ తలవరేం? మా వైపు గోగు కట్టలు చెరువులో ఊరేసి, మోకాటి లోతు మురుగు నీళ్లలో నిలబడి పీచు ఒలుస్తారు. కాళ్లు ఒరుసుకుపోతాయి. మీరు కాస్టిక్ గురించి కొట్టుకుంటున్నారు, వాళ్ల కూలి ఒక్కరూ అడగలేదు.

అనంతపురం అబ్బాయి: నిజమే అక్కా. మా వైపు కిత్తనార తీసేవాళ్లదీ అదే బాధ, ఆ రసం చేతులకి ఒకటే దురద.

రావు: టాపిక్ నార బలం గురించి.

వాణి: ఒలిచేవాళ్లు లేకపోతే మీకు బలమెక్కడిది సార్?

హెబ్బాళ్ సుధ: మట్టిలో కరగడం అందరూ వదిలేశారు. పీఎల్ఏకి 58 డిగ్రీల దాకా వేడెక్కే ఇండస్ట్రియల్ కంపోస్ట్ కావాలి. పెరటి మట్టిలో ఏళ్లు పడుతుంది. కుండీతో సహా నాటేయండి అని లేబుల్ మీద వేయకండి శీను గారూ.

ప్రసాద్: వాణి గారూ, గోగునార కట్ట రేటెంత? ఒలిచినవాళ్ల దగ్గరే నేరుగా కొంటాను.