"36-63" ని తెలుగు వాక్యంలో ఎలా రాయాలి?

ప్రశ్న:
1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఫిలడెల్ఫియా వారియర్స్ 169-147తో న్యూయార్క్ నిక్స్‌ని ఓడించిన బాస్కెట్‌బాల్ ఆట, విల్ట్ చాంబర్లిన్ ఒక్కడే 100 పాయింట్లు వేసిన ఆట. దాని బాక్స్ స్కోరు (ఆటగాళ్ల అంకెల పట్టిక) తెలుగులోకి వస్తోంది. అతని వరుస ఇదీ: ఫీల్డ్ గోల్స్ (ఆట నడుస్తుండగా బుట్టలోకి వేసే షాట్లు) 36-63, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి దక్కే, అడ్డులేని షాట్లు) 28-32, రీబౌండ్లు (గురి తప్పిన బంతిని పట్టడం) 25, అసిస్టులు (బుట్టలో వేసేవాడికి బంతి అందించడం) 2, పాయింట్లు 100. పక్కన వాక్యంలో "36-63 ఫీల్డ్ గోల్స్ సాధించాడు" అని పడింది. ఏదో తేడాగా ఉంది. ఎలా సరిచెయ్యాలండీ?

జవాబు 1:
తేడా అడ్డగీత దగ్గరే ఉందండీ. 169-147లో అడ్డగీత ఇద్దరి స్కోర్ల మధ్య ఉంది. 36-63లో ఒకే మనిషి వేసినవాటికీ పడినవాటికీ మధ్య ఉంది. ఒకే పేరాలో రెండూ వస్తే పాఠకుడు రెండోదాన్నీ స్కోరే అనుకుంటాడు.

పైగా మన వరస వేరు. తెలుగులో మొత్తం ముందు చెప్తాం, అందులో వచ్చింది తర్వాత: వందకి తొంభై, పదిమందిలో ముగ్గురు, నూటికి ఎనభై పాళ్లు. కాబట్టి అంకెలు తిరగెయ్యాలి: "63 షాట్లు వేస్తే 36 పడ్డాయి." ఇది కొత్తేమీ కాదు. క్రికెట్‌లో 5/32 అని ఉన్నదాన్ని "32 పరుగులిచ్చి 5 వికెట్లు" అని ఎప్పటినుంచో తిరగేసే రాస్తున్నాం.

"సాధించాడు" కూడా తీసెయ్యండి. సాధించింది 36 మాత్రమే, మిగతా 27 పోయాయి. వేశాడు, పడ్డాయి, పోయాయి అనే మూడు క్రియలతో మొత్తం బాక్స్ స్కోరు చెప్పెయ్యొచ్చు.

జవాబు 2:
తిరగేసేటప్పుడు అంకెలు తారుమారైతే పట్టుకోడానికి సులువైన లెక్క ఉంది. అప్పటికి అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో మూడు పాయింట్ల షాటు లేదు, అది 1979-80లో వచ్చింది. అందుకని పడిన ఫీల్డ్ గోల్స్‌ని 2తో గుణించి, పడిన ఫ్రీ త్రోలు కలిపితే పాయింట్లు రావాలి. 36 రెళ్లు 72, దానికి 28 కలిపితే 100. జట్టుకీ ఇదే లెక్క: వారియర్స్‌వి 63 పడ్డాయి, 126, ఫ్రీ త్రోలు 43, మొత్తం 169.

ఇక్కడే ఒక చిక్కు. 63 అనే అంకె రెండుచోట్ల వస్తుంది: చాంబర్లిన్ వేసినవి 63, జట్టు మొత్తానికి పడినవి 63. యాదృచ్ఛికమే గానీ, "వేసినవి", "పడినవి" అని పక్కన రాయకపోతే జట్టు బుట్టలన్నీ ఇతని ఖాతాలోకి పోతాయి.

జవాబు 3:
"63కి 36" అని పొట్టిగా రాయచ్చా? సంతలో "వందకి నాలుగు" అంటే ధర కదా!

జవాబు 1:
రెండువైపులా లెక్కపెట్టేది ఒకే వస్తువైతే ధర అనే అర్థం రాదు. "పరీక్షలో వందకి తొంభై" అంటే ఎవరూ ధర అనుకోరు. అయినా అచ్చులో "63లో 36" మేలు. చివర క్రియ ఉంటే ఇంకా మేలు.

"కి" దాని సొగసు చూపించేది మాత్రం వేరే చోట. అదే ఆటలో వారియర్స్ ఆటగాడు ఆల్ ఆటిల్స్ ఫీల్డ్ గోల్స్ 8-8. "8లో 8" అంటే లెక్క సరిపోయిందిగానీ ప్రాణం లేదు. "ఎనిమిదికి ఎనిమిదీ పడ్డాయి" అనండి. ఆ చివరి దీర్ఘం ఒక్కటీ పోలేదని చెప్పేస్తుంది. దీనికి ఎదురు అదే జట్టు జో రక్లిక్ ఫ్రీ త్రోలు, 0-2. "రెండింటికి సున్నా" అనొచ్చుగానీ "రెండిట్లో ఒక్కటీ పడలేదు" అన్నదే మన నుడికారం.

జవాబు 4:
క్వార్టర్‌కి "పావు" అని పెట్టకండి. పావు అనగానే పావుగంట, పదిహేను నిమిషాలు గుర్తొస్తుంది. ఎన్‌బీఏ క్వార్టర్ పన్నెండు నిమిషాలే. క్వార్టర్ అనే ఉంచండి: చాంబర్లిన్ పాయింట్లు మొదటిదాంట్లో 23, రెండోదాంట్లో 18, విరామానికి 41, మూడోదాంట్లో 28, చివరిదాంట్లో 31.

రీబౌండ్, అసిస్టులకు కొత్త మాటలు పుట్టించనక్కర్లేదు. క్రియ మనదైతే చాలు: 25 రీబౌండ్లు పట్టాడు, సహచరుడు గై రోజర్స్ 20 అసిస్టులు అందించాడు.

ప్రశ్న వేసినవారు:
చాలా మేలైందండీ. ఇంకొక్కటి. ఇప్పటి బాక్స్ స్కోరు నమూనాలో పోస్తే స్టీల్స్ (ఎదుటివాళ్ల దగ్గర బంతి లాక్కోవడం), బ్లాకుల (ఎదుటివాళ్ల షాటు అడ్డుకోవడం) గళ్లు ఖాళీగా ఉన్నాయి. సున్నా పెట్టమంటారా, "లెక్క లేదు" అని రాయమంటారా?

జవాబు 2:
సున్నా పెడితే అబద్ధమవుతుంది. ఎన్‌బీఏ స్టీల్స్, బ్లాకులు లెక్కపెట్టడం మొదలైంది 1973-74 నుంచి. టర్నోవర్లు (బంతి ఎదుటి జట్టుకి పోగొట్టుకోవడం) ఇంకా తర్వాత, 1977-78లో. చాంబర్లిన్ అంతటి సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) ఎదుట "బ్లాకులు 0" అని కనిపిస్తే ఆట తెలిసినవాళ్లు నొచ్చుకుంటారు.

"లెక్క లేదు" కూడా వద్దు. తెలుగులో దానికి మూడు దారులున్నాయి: లెక్కపెట్టలేదు, లెక్కలేనన్ని, లెక్కచెయ్యలేదు. గడిలో ఒంటరిగా ఉంటే ఏదైనా అనుకోవచ్చు. "నమోదు లేదు" అని రాసి, కింద "అప్పట్లో లెక్కపెట్టేవారు కారు" అని ఒక్క ముక్క చేర్చండి.

జవాబు 1:
పట్టికలో అడ్డగీతలు పూర్తిగా ఎత్తేసి "వేసినవి", "పడినవి" అని రెండు నిలువు వరసలు పెట్టండి. వాక్యం ఇలా ఉండొచ్చు:

"చాంబర్లిన్ 63 షాట్లు వేస్తే 36 పడ్డాయి. ఫ్రీ త్రోలు 32 వేస్తే నాలుగే పోయాయి. 25 రీబౌండ్లు పట్టాడు, 2 అసిస్టులు అందించాడు."

ఫ్రీ త్రోల దగ్గర పోయినవి చెప్పడం కావాలనే. ఆ సీజన్‌లో అతనికి పడ్డవి నూటికి 61 పాళ్లే, ఆ రాత్రి మాత్రం 87కి పైన. "28 పడ్డాయి" కన్నా "నాలుగే పోయాయి" అంటే ఆ తేడా చెవికి తగులుతుంది.