టౌన్స్‌విల్‌కి కొత్తగా వచ్చా, మొదటి స్పియర్‌గన్ ఏది కొనాలి?

తుమ్మలపెంట కుర్రాడు, టౌన్స్‌విల్ నుంచి:

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర తుమ్మలపెంట. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలోని టౌన్స్‌విల్ వచ్చి నాలుగు నెలలైంది, ఆసుపత్రిలో ఉద్యోగం. ఈత చిన్నప్పటి నుంచి వచ్చు, స్నార్కెల్‌తో నాలుగైదు మీటర్లు దిగగలను. నాతో పనిచేసే ఒకతను రెండుసార్లు బోటులో రీఫ్ దాకా, అంటే సముద్రంలోని పగడపు దిబ్బల దాకా తీసుకెళ్లాడు. వాళ్లు నీళ్లలో దిగి, రబ్బరు బలంతో ఈటె వదిలే స్పియర్‌గన్‌తో చేపలు కొడుతుంటే చూశా, అప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. రీఫ్‌లోకీ, బయట లోతు నీళ్లలో వంజరం, ట్యూనాలకీ రెండిటికీ పనికొచ్చేది ఒక్కటే కొంటే డబ్బు కలిసొస్తుందని అనుకుంటున్నా. షాపులో 130 సెంటీమీటర్ల కార్బన్ గన్ చూపించారు. చెక్కవి ఉన్నాయి, రోలర్లు ఉన్నాయి, గాలితో కొట్టేవి ఉన్నాయి, ఏది ఏమిటో అర్థం కావడం లేదు. మనవాళ్లలో ఎవరికైనా ఈ అలవాటు ఉంటే చెప్పండి.

ఇందుకూరుపేట వాసి, బ్రిస్బేన్ నుంచి:

తమ్ముడూ, ఆ 130 మాత్రం కొనొద్దు. నేను టౌన్స్‌విల్‌లో ఆరేళ్లు ఉన్నా, నేను కొన్న మొదటి గన్ కూడా 130యే, షాపతను ఇదైతే అన్నిటికీ సరిపోతుందన్నాడు, నేనూ నమ్మా. టౌన్స్‌విల్ ఎదురుగా ఉండే మ్యాగ్నెటిక్ ఐలాండ్ పక్కన దిగిన మొదటి రోజే దాని సంగతి తెలిసింది. పిడిని ఛాతీకి ఆనించి, రబ్బరు రెండు చేతులా పట్టుకుని ఈటె మీదున్న గాటు దాకా లాగాలి. అంత పొడుగు గన్‌లో ఆ గాటు నా చేతులకి అందలేదు. సగం దాకా లాగి వణికి వదిలేశా, వేళ్ల మీద చర్మం లేచిపోయింది. ఎలాగో ఒక రబ్బరు ఎక్కించి కిందికి వెళితే నీళ్లు మసకగా ఉన్నాయి, నాలుగు మీటర్ల అవతల ఏమీ కనపడదు. చెయ్యి చాపితే ఈటె మొన నా భుజానికి రెండు మీటర్లకు పైగా దూరంలో ఉంది, అంటే చూపు ఆనేంత దూరంలో సగం గన్నే తినేసింది. పగడపు దిబ్బ కింద కోరల్ ట్రౌట్ అనే చేప ఒకటి కనపడింది, అటు తిప్పుదామంటే నీళ్ల బరువుకి గన్ తిరగదు. తిరిగేసరికి అది లోపలికి పోయింది. ఆత్రంతో కొట్టా, ఈటె రాయికి తగిలి వంగింది, మొన దగ్గరుండే చిన్న రెక్క, ఫ్లాపర్ అంటారు, అది కూడా ఊడిపోయింది. ఒక్క ఈటెతోనే అంత డబ్బు పోయింది.

కాబట్టి ముందు నువ్వు దిగే నీళ్లు ఎలాంటివో చూడు. ఒడ్డు దగ్గర మసక నీళ్లలో 75 నుంచి 90. రీఫ్ మీద నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి 100, 110. అడుగు కనపడని నీలం నీళ్లలో 120 నుంచి 140. ఈ అంకెలన్నీ గొట్టం పొడవు, సెంటీమీటర్లలో. ఈటె దానికన్నా ఇంకో 30, 40 సెంటీమీటర్లు పొడుగుంటుంది. ఒకే గన్ కొంటానంటావా, 110 కొను. రీఫ్‌లో 110తో ఇబ్బంది లేదు, బయట కూడా దగ్గరికి వచ్చిన చేపని కొట్టొచ్చు. 130తో రీఫ్‌లో చేసేదేమీ లేదు.

కొత్తవాళ్లందరికీ పొడుగు గన్ మీదే మనసు ఎందుకు పోతుందో నాకు చాలా రోజులకి అర్థమైంది. నీళ్లలో అద్దం లోంచి చూస్తే ఏదైనా ఉన్నదానికన్నా దగ్గరగా, పెద్దగా కనపడుతుంది. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న చేప మూడు మీటర్లలో ఉన్నట్టు అనిపిస్తుంది. నువ్వు అందుతుందనుకుని కొడతావు, ఈటె ఊపు తగ్గి చేప ముందే ఆగిపోతుంది, తప్పు గన్‌దే, ఇంకా పెద్దది కావాలి అనుకుంటావు. మా తాత వేసవిలో చెరువు అడుగంటినప్పుడు గట్టు మీద నిలబడి కొరమీనుని ఈటెతో పొడిచేవాడు. కనపడే చోట పొడిస్తే మట్టే వస్తుంది, దానికి కింద పొడవాలిరా అని నా చెయ్యి పట్టుకుని చూపించాడు. పైనుంచి చూసేటప్పుడు ఆ లెక్క, నీళ్ల లోపల ఈ లెక్క. నీ కన్ను చెప్పే దూరానికి మూడో వంతు కలుపుకో. 110కి ఈటె మొన నుంచి మూడు మీటర్లు, బాగా చేయి తిరిగాక మూడున్నర. అంతకన్నా దూరమైతే కొట్టొద్దు, గాయపడి పోయిన చేప ఎవరికీ దక్కదు.

సైజు విషయంలోనూ ఇదే మోసం. క్వీన్స్‌ల్యాండ్‌లో మామూలు కోరల్ ట్రౌట్ 38 సెంటీమీటర్లకి తగ్గితే పట్టకూడదు. నీళ్లలో నీకు 40 అనిపించింది పైకి తెచ్చి కొలిస్తే 30 ఉంటుంది. గాలంతో పట్టిన చిన్న చేపని తిరిగి వదలొచ్చు, ఈటె దిగిన దాన్ని ఏం వదులుతాం? నీ గన్ గొట్టం మీద 38 దగ్గర రంగు టేపు చుట్టుకో, చేప పక్కన గన్ పెట్టి చూస్తే రెండూ ఒకేలా పెద్దగా కనపడతాయి కాబట్టి లెక్క తప్పదు. అనుమానంగా ఉంటే వదిలెయ్.

ఇక రకాలు. గాలితో పనిచేసేవి చిన్న గన్‌లోనే మంచి బలం ఇస్తాయి, కానీ లోపల సీళ్లు పాడైతే బాగుచేసుకోవడం కొత్తవాళ్లకి కష్టం, మొదటిదిగా వద్దు. చెక్క గన్‌లు, కాలిఫోర్నియాలోని రిఫ్ అనే కంపెనీవి లాంటివి, బరువుగా నిలకడగా ఉంటాయి, మూడు రబ్బర్లు వేసినా చెయ్యి అదరదు, పెద్ద ట్యూనాలకి అవి గొప్పవి, రీఫ్‌లో మాత్రం తిప్పలేం. రోలర్ గన్‌లో రబ్బరు ముందున్న చక్రాల మీదుగా కిందికి తిరిగి వస్తుంది, లాగుడు పొడవు ఎక్కువ, అందుకే 90 రోలర్ చాలాసార్లు 110 మామూలు గన్‌లా కొడుతుంది, అదురు కూడా తక్కువ. బాగుంటుంది, నా దగ్గరా ఒకటి ఉంది, కానీ ధర ఎక్కువ, ముడులు తాళ్లు ఎక్కువ, నీళ్లలో ఏదైనా జారితే సరిచేసుకోవడానికి అనుభవం కావాలి. నీకు అల్యూమినియం గొట్టం మీద పొడుగునా గాడి ఉన్న రైల్ గన్ సరిపోతుంది. సౌత్ ఆఫ్రికా నుంచి వచ్చే రాబ్ ఆలెన్, రాబిటెక్ ఇక్కడ ఎక్కువమంది వాడతారు, విడి భాగాలు సులువుగా దొరుకుతాయి. ఇటలీ క్రెస్సీ, ఒమర్ కూడా మంచివే. కార్బన్ గొట్టానికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు, నీ మొదటి ఏడాదిలో ఆ తేడా నీ చేతికి తెలియదు.

షాపుకి వెళ్లినప్పుడు గన్‌ని గోడ మీద చూసి తెచ్చుకోవద్దు. పిడిని ఛాతీకి ఆనించి చెయ్యి చాపు, మొదటి గాటు దాకా హాయిగా అందాలి. పిడి లోపల ట్రిగ్గర్ పట్టు స్టీలుదా ప్లాస్టిక్‌దా అని అడుగు, రబ్బర్ల బరువంతా దాని మీదే ఉంటుంది కాబట్టి స్టీలే కావాలి. ఈటె 7 మిల్లీమీటర్లది తీసుకో, సన్నవి వేగంగా పోతాయి కానీ పెద్ద చేప గింజుకుంటే వంగుతాయి. ఒకటే ఫ్లాపర్ ఉన్న ఈటె, రబ్బర్లు 16 మిల్లీమీటర్లవి రెండు. మందంగా ఉన్నది ఒకటి బలవంతంగా లాగే కన్నా సన్నవి రెండు ఎక్కించడం తేలిక. మొన అరిగితే ఆకురాయితో పదును పెట్టుకో. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో పెట్టు, టౌన్స్‌విల్ ఎండకి రబ్బరు తొందరగా పగులుతుంది, చిన్న పగులు కనపడినా మార్చెయ్.

గన్ నీళ్లలోనే లోడ్ చెయ్, నీళ్లలోనే దింపు, బోటులో లోడ్ చేసిన గన్ ఉండకూడదు. సేఫ్టీ మీట ఉంది కదా అని ధీమా వద్దు. లోడ్ చేసిన గన్ మొన ఒక్క క్షణం కూడా ఇంకో మనిషి వైపు తిరగకూడదు.

చోటు సంగతి కూడా చూసుకో. 2004లో గ్రేట్ బ్యారియర్ రీఫ్ మెరైన్ పార్క్‌ని మళ్లీ జోన్లుగా విడగొట్టారు, మూడో వంతులో చేప పట్టనే కూడదు, మ్యాపులో అది ఆకుపచ్చ. పసుపు జోన్‌లో గన్ వాడొచ్చు కానీ స్నార్కెల్‌తోనే, లైటు కూడా వాడకూడదు. స్కూబా సిలిండర్ వేసుకుని గన్‌తో దిగడం అయితే క్వీన్స్‌ల్యాండ్‌లో ఎక్కడా ఒప్పుకోరు. మ్యాగ్నెటిక్ ఐలాండ్ చుట్టూ ఒక్కో బేకి ఒక్కో రంగు. జోన్ల మ్యాపు కోసం ఐ ఆన్ ద రీఫ్ అనే యాప్ ఫోన్‌లో పెట్టుకో, క్వీన్స్‌ల్యాండ్ ఫిషింగ్ 2.0 కూడా. సైజులూ సంఖ్యలూ మారుతుంటాయి, దిగే ముందు అందులో చూసుకో. పొటాటో కాడ్, మావోరీ రాస్, బారముండి కాడ్, గ్రోపర్ లాంటివి అసలు ముట్టకూడదు, వాటి ఫొటోలు ముందే గుర్తుపెట్టుకో.

కొత్తపట్నం ఆడపడుచు, కెయిర్న్స్ నుంచి:

అన్నయ్య చెప్పినవన్నీ నిజమే కానీ 110 దగ్గర నేను ఒప్పుకోను. నా ఎత్తు అయిదడుగులు. 110 లోడ్ చెయ్యడానికి నాకు ఊపిరంతా ఖర్చయ్యేది, తీరా కిందికి దిగేసరికి గుండె దడదడలాడేది. 90 కొన్నాక చేపలు రావడం మొదలైంది. అయిదు మీటర్లు దిగే మనిషికి 90 చాలు, బాబూ. నీ ఊపిరి పెరిగాక గన్ పెంచుకో.

నేను చెప్పాలనుకున్నది వేరే. గన్ కొనే ముందు ఫ్రీడైవింగ్, అంటే సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగడం, ఆ కోర్సు చెయ్యి. మన ఊళ్లలో ఈతగాళ్లు దిగే ముందు గబగబా పది ఊపిర్లు తీసి మునుగుతారు, నేనూ అలాగే చేసేదాన్ని. అది చాలా ప్రమాదం. అలా చేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఊపిరి కావాలని ఒళ్లు చెప్పడం ఆలస్యమవుతుంది, ఆక్సిజన్ మాత్రం అయిపోతూనే ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు చివరి పది మీటర్లలో నీళ్ల ఒత్తిడి తగ్గేసరికి మనిషి చప్పుడు లేకుండా స్పృహ తప్పుతాడు. పక్కన మనిషి ఉంటే బతుకుతాడు, లేకపోతే లేదు. అందుకే ఒకరు కింద, ఒకరు పైన. పైనున్నవాళ్లు నిన్నే చూస్తూ ఉండాలి, తమ చేప వెనక పోకూడదు. నువ్వు పైకి వచ్చిన తర్వాత కూడా అర నిమిషం నీ మొహం మీద కన్నుండాలి. కింద ఎంతసేపు ఉన్నావో పైన దానికి రెండింతలు ఆగి మళ్లీ దిగు. నడుముకి సీసం ఎక్కువ కట్టుకోవద్దు, ఉపరితలం దగ్గర ఊపిరి వదిలినా తేలుతూ ఉండాలి.

నవంబరు నుంచి మే దాకా బాక్స్ జెల్లీఫిష్ అనే విషజీవి ఉంటుంది, ఒళ్లంతా కప్పే సూట్ లేకుండా దిగొద్దు, అది కుట్టిన చోట పొయ్యడానికి బోటులో వెనిగర్ ఉండాలి. మొసళ్ల మాట కూడా మర్చిపోకు, ఏటి మూతుల దగ్గర దిగనే దిగొద్దు.

తుమ్మలపెంట కుర్రాడు:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఊపిరి సంగతి నాకు అస్సలు తెలియదు, నేను కూడా గబగబా ఊపిర్లు తీసే దిగుతున్నా. కోర్సు చేస్తా. ఇంకో ప్రశ్న. మా నాన్న ఫోన్‌లో వంజరం పట్టావా అని అడుగుతూనే ఉన్నాడు. దానికి 110 చాలుతుందా? గన్‌కి తాడు చుట్టే రీల్ పెట్టాలా, తాడు చివర నీళ్ల మీద తేలే ఫ్లోట్ కట్టాలా?

ఇందుకూరుపేట వాసి:

చాలుతుంది, కాకపోతే వంజరం దగ్గరికి వచ్చేదాకా కదలకుండా ఉండగలగాలి. ఇక్కడ దాన్ని స్పానిష్ మ్యాకరెల్ అంటారు, కనీసం 75 సెంటీమీటర్లు ఉండాలి. దాని వైపు ఈదితే పోతుంది. పక్కకి తిరిగి, దాన్ని నేరుగా చూడకుండా నింపాదిగా దిగితే అదే చుట్టూ తిరిగి వస్తుంది. మన వంజరం మాంసం మెత్తన కదా, వేపుడు పెనం మీదే ముక్క విరుగుతుంది, నీళ్లలోనూ అంతే. పొట్టలో కొడితే చీరుకుని పోతుంది. మొప్ప వెనక, వెన్నుముక దగ్గర కొట్టు.

రీల్ కాదు, ఫ్లోట్ లైన్ కట్టు. 25, 30 మీటర్ల తాడు, చివర ఫ్లోట్, దాని మీద జెండా. చేప లాగితే ఫ్లోట్ దాన్ని అలసగొడుతుంది, నువ్వు గన్ వదిలేసి పైకి రావొచ్చు. రీల్ ఉంటే చేప గింజుకుంటున్నప్పుడు వదలబుద్ధి కాదు, అక్క చెప్పిన ప్రమాదం అక్కడే వస్తుంది. పగడాల మధ్య ఫ్లోట్ తాడు చిక్కుకుంటుంది, అక్కడ రీలే నయం, అది తర్వాత కొనుక్కో. పెద్ద ట్యూనాలకి సాగే తాడు, రెండు ఫ్లోట్లు, ఈటె నుంచి విడిపోయే మొన, ఇవన్నీ ఉంటాయి, ఆ రోజు వచ్చినప్పుడు 130 గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

చేపకి ఈటె దిగిన నిమిషంలో సొర వస్తుంది, ఆ నీళ్లలో అది మామూలే. చేపని నడుముకి కట్టుకోవద్దు, నేరుగా బోటులోకి. సొర చేప మీదికి వస్తే వదిలెయ్, లాక్కోవద్దు.

ఇంకొకటి, ఇది నాన్నకి కూడా చెప్పు. రీఫ్ చేపల్లో సిగువాటెరా అనే విషం ఉండొచ్చు, పెద్ద వంజరంలోనూ ఉంటుంది. వాసన ఉండదు, రుచి మారదు, పులుసు ఎంతసేపు మరిగించినా పోదు. అందుకే రెడ్ బాస్, చైనామన్, ప్యాడిల్‌టెయిల్ అనే మూడిటిని క్వీన్స్‌ల్యాండ్‌లో పట్టనే కూడదు. వంజరం కూడా మరీ పెద్దది వదిలేసి మధ్య సైజుది పట్టు, తల, కాలేయం పులుసులో వెయ్యొద్దు. మన దగ్గర తలకాయ కోసం కొట్టుకుంటాం, నాకూ బాధే, కానీ ఇక్కడ వద్దు. పులుసులోకి పచ్చి మామిడికాయ మాత్రం టౌన్స్‌విల్‌లో వీధుల్లోనే దొరుకుతుంది.

వచ్చే నెల నేను టౌన్స్‌విల్ వస్తున్నా. నా పాత 110 ఇంట్లోనే ఉంది, కొత్త రబ్బర్లు వేసి తెస్తా. అక్క మాట ప్రకారం ఒక 90 ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుంటా. రెండిటినీ నీళ్లలో లాగి చూసుకుని నీ చేతికి ఏది కుదిరితే అది కొను. ఆ షాపులో ఇంకా అడ్వాన్స్ కట్టలేదు కదా?