ఖాళీ బియ్యం సంచులు, పాత చీరలు ఏం చేయాలి?

ప్రశ్న (నల్లగొండ): ఇంట్లో 25 కిలోల బియ్యం సంచులు గుట్టపడ్డాయి. అమ్మ నూలు చీరలు పారేయడానికి మనసొప్పట్లేదు. ఏం చేయొచ్చు?

జవాబు (దేవరకొండ): బొంత కుట్టండి అక్కా. వెలిసిపోయిన చీరలు లోపల, మంచిది పైన. అంచులు ముందే విప్పి దాచండి, గట్టిగా ఉంటాయి కాబట్టి చేతిసంచులకు పట్టీలవుతాయి. పాలిస్టర్ మాత్రం కలపొద్దు, చెమటకు చిరాకు.

జవాబు (మహబూబ్‌నగర్): సంచుల అడుగున రంధ్రాలు చేసి, మట్టి, పశువుల ఎరువు నింపి మిద్దె మీద పాలకూర వేయండి. మన ఎండకు ఆ ప్లాస్టిక్ పొడిపొడై మట్టిలో కలుస్తుంది, పెళుసుబారగానే మార్చేయాలి.

ప్రశ్న (నల్లగొండ): ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్లు ఆ కూరకు పోయొచ్చా?

జవాబు (దేవరకొండ): వద్దక్కా! మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్, ఉప్పు వాటిలో ఇంకా చిక్కబడతాయి. బాత్రూం కడగడానికి వాడండి. కూరకు బియ్యం కడిగిన నీళ్లు చాలు.